తిథి నాటి వారంటు

వారంటు మూడోసారి కూడా తిరిగి వచ్చింది. "ఆ విలాసంలో మనిషి లేడు" అని పోలీసులు రాసి పంపిన కాగితాన్ని మా వకీలు సుధ గారు చదివి వినిపించింది. సారం అనే మా పేటలోనే, ఇంటికి రెండు వీధుల అవతల, మందుల షాపు మేడ మీద ఆమె ఆఫీసు. నేనూ మా అమ్మాయి విజీ ఆమె ఎదురుగా కూర్చున్నాం.

విజి, ఆమె భర్త నరేంద్రన్ వేరుపడి కొన్నేళ్ళయింది. కూతురు కవిప్రియ విజి దగ్గరే పెరుగుతోంది. బిడ్డ పోషణకి తండ్రి నెలనెలా ఇంత ఇవ్వాలని ఫ్యామిలీ కోర్టు తీర్పు చెప్పింది. మొదట కొన్నాళ్ళు ఇచ్చాడు. తర్వాత తట్టాంచావడిలో చేస్తున్న పని మానేశాడు, గది ఖాళీ చేశాడు, ఫోను నంబరు మార్చాడు. కట్టనివాణ్ణి పట్టుకు రమ్మని కోర్టు వారంటు ఇస్తుంది. కానీ ఆ మనిషి ఎక్కడున్నాడో చూపించే భారం చివరికి మా మీదే పడింది.

"ఆచూకీ లేకుండా ఎన్నిసార్లని వారంటు అడగమంటారు?" అంది సుధ గారు. "ఆయన తప్పకుండా వచ్చే చోటు ఒక్కటి చెప్పండి చాలు. గుడి గానీ, పెళ్ళి గానీ, ఏదైనా."

విజి నవ్వింది. "వాళ్ళ నాయన తెవసానికి వస్తాడు. చచ్చిపోయినోళ్ళకి పెట్టేది మరవడు. బతికుండే బిడ్డకి పెట్టేదే మరుపు."

ఏటేటా తిథికి పెట్టే దాన్ని మేము అరవం వాళ్ళలాగే తెవసం అంటాం. విజి ఆ మాట ఎత్తిపొడుపుగానే అంది. కానీ సుధ గారి పెన్ను ఆగింది.

"ఎక్కడ పెడతాడు? ఏ రోజు?"

విజి నా వైపు చూసింది. ఎందుకంటే నరేంద్రన్ తండ్రి బాలసుబ్రమణ్యం నా సొంత తమ్ముడు. మాది మేనరికం. నరేంద్రన్ అల్లుడు కావడానికి ఎంతో ముందే నాకు మేనల్లుడు. పెళ్ళికి ముందూ తర్వాతా నన్ను "అత్తా" అనే పిలిచాడు. పిలుపు మార్చుకునే పనే లేకపోయింది. తమ్ముడు పోయాక ఆ ముక్కు, ఆ నడక, మెట్లెక్కేటప్పుడు గోడకి చెయ్యి ఆనించే అలవాటు వీడిలోనే మిగిలాయి.

వాడు ఇల్లు వదిలిన ఉదయం వాన పడుతోంది. బండికి సంచీ కట్టుకుని, హెల్మెట్‌తోనే లోపలికి వచ్చి మంచినీళ్ళు అడిగాడు. హెల్మెట్ తియ్యకుండానే తాగాడు. సగం నీళ్ళు మెడ మీదుగా కారిపోయాయి. నాకు ఎవరి రాకలూ అంతగా గుర్తుండవు. పోకలు మాత్రం ఒక్కొక్కటీ కళ్ళముందే ఉంటాయి. మా ఆయన్ని ఎక్కించిన అంబులెన్సు తలుపు మూసుకోవడం. తమ్ముడు ఆసుపత్రి లిఫ్టులోకి వెళ్తూ మళ్ళీ వస్తానన్నట్టు చెయ్యి ఊపడం. ఇప్పుడు మిగిలిన ఒక్కణ్ణి నేనే పోలీసులకి చూపించాలి. చూపిస్తే మళ్ళీ నా ముఖం చూస్తాడా? చూపించకపోతే మనవరాలు కవికి ఎవరు పెట్టాలి? విజి ఒక్క జీతంతో బడికీ బస్సుకీ పుస్తకాలకీ సరిపెట్టలేక, ఈ ఏడు కవిని ఆ బడి మాన్పిస్తానని అప్పటికే రెండుసార్లు అంది.

"అమ్మా, చెప్పు మా," అంది విజి. "ఆయన నీకు మేనల్లుడైతే, కవి నీకేం కావాల?"

గోడ మీద రోజుకొక కాగితం చింపే అరవ క్యాలెండరు ఉంది. లేచి వెళ్ళి తిరగేశాను. ఆడి నెల, వెలుగు పక్షం, షష్ఠి.

"ఈ ఆదివారం," అన్నాను. "పిళ్ళైచావడి ఒడ్డున. తమ్ముడి అస్థికలు ఆడనే కలిపినాం. ప్రతి ఏడూ ఆడనే పెడతాడు."

ఆదివారం తెల్లవారేసరికి నేను ఆ ఒడ్డున ఉన్నాను. వారంటు తెచ్చిన కానిస్టేబుల్ చంద్రన్ లుంగీ చొక్కాలో వచ్చాడు. సముద్రం కొరికేసిన ఒడ్డు అది. కొట్టుకుపోకుండా పెద్ద పెద్ద రాళ్ళు పోశారు. ఆ రాళ్ళ పక్కన ఇద్దరం కూర్చున్నాం. పడవలు వచ్చాయి, వలలు దులిపారు, చేపలు అమ్ముడుపోయాయి. ఎండ ఎక్కింది. నరేంద్రన్ రాలేదు.

"పాట్టీ, మీ అల్లుడు ఇంకా నిద్ర లేవలేదేమో," అన్నాడు చంద్రన్, నన్ను అరవంలో అవ్వా అని పిలుస్తూ. "నాకుండేది ఒక్క ఆదివారం. దాన్ని కూడా ఆయనకే ఇచ్చేసినా."

"నువ్వు తిట్టుకోబాక నాయనా. వస్తాడనే అనుకున్నా."

"తిట్టలే పాట్టీ. చేపలన్నా కొనుక్కోని పోతా. ఉత్త చేతుల్తో పోతే ఇంట్లో నా మీదే వారంటు ఇస్తారు."

అతను వెళ్ళాక కూడా నేను కొంతసేపు అక్కడే ఉన్నాను. వాడు పట్టుబడనందుకు గుండె తేలికపడింది. తండ్రిని కూడా వదిలేశాడే అని అదే గుండె మండింది. రెండూ ఒకేసారి ఎట్లా జరుగుతాయో నాకు తెలియదు.

రెండు రోజుల తర్వాత, మా ఇళ్ళలో కార్యాలు చేయించే అయ్యవారు పూల కొట్టు దగ్గర కనిపించాడు. కోపం ఆపుకోలేక అడిగాను. "ఏమయ్యా, మా తమ్ముడి తిథి తప్పిపోయిందే. ఆ అబ్బాయి రాకపోతే మీరన్నా ఒక మాట చెప్పకూడదా?"

ఆయన మూర మల్లెపూలు సంచిలో వేసుకుంటూ నన్ను వింతగా చూశాడు. "యాడ తప్పిందమ్మా? ఇంకా రానే లేదే."

"ఆదివారం షష్ఠి కదా."

"ఎవురు చెప్పినారు?"

"క్యాలెండర్లో చూసినా."

"అరవ క్యాలెండర్లోనా? మనకి ఈ ఏడు రెండు శ్రావణాలు అన్నమ్మాళమ్మా. ఇప్పుడు నడిచేది అధికం. దీంట్లో పెట్టకూడదు. వచ్చే నెల నిజ శ్రావణంలో షష్ఠికి మీ తమ్ముడి తిథి. మీ నరేంద్రన్ ఎప్పుడో వచ్చి అడిగి, నాకు చెప్పి పెట్టుకోని పొయినాడు. మీకు తెలీదా?"

చాలా ఏళ్ళు అరవం లెక్కా మా లెక్కా ఆ తిథిని ఒకే రోజున చూపిస్తాయి. అధికమాసం పడిన ఏడు మాత్రం మాది ఒక నెల ఆలస్యంగా వస్తుంది. గోడకి అరవ క్యాలెండరు తగిలించి, పూజ గూట్లో తెలుగు పంచాంగం పెట్టుకునే మాలాంటి ఇళ్ళలో తప్ప ఇటువంటి పొరపాటు ఎక్కడా జరగదు. మా వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని చదివేవాళ్ళు లేరు. నేను ఆ పంచాంగం కోసమే ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. సుధ గారి ఆఫీసులో కంగారులో అది గుర్తే రాలేదు.

ఇంటికి వచ్చి గూట్లోంచి పంచాంగం తీసి చూశాను. అయ్యవారు చెప్పిందే నిజం. వాడు వస్తాడు. ఆ సంగతి ఇప్పుడు నాకూ అయ్యవారికీ తప్ప ఎవరికీ తెలియదు. విజి ఆ ఆశ వదిలేసింది. నేను నోరు మెదపకపోతే వాడు నిమ్మళంగా తండ్రికి పెట్టుకుని వెళ్ళిపోతాడు. నా తమ్ముడి నోటి దగ్గరి ముద్ద చెదరదు. ఆ రాత్రి, మర్నాడు, ఆ మర్నాడు కూడా నేను విజికి చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం పిట్టగోడ మీద కాకికి అన్నం పెడుతుంటే కవిప్రియ వచ్చి పక్కన నిలబడింది. దానికి పదేళ్ళు. ఏ సంగతీ ఊరికే వదలదు.

"అవ్వా, కాకి తింటే తాత తిన్నట్టేనా?"

"అట్నే అంటారు."

"తాతకి ఆకలేస్తుందా?"

"ఏడాదికి ఒకసారి వేస్తుందంట."

"అందుకా నాన్న పెడతాడు?"

"ఊఁ."

అది కాసేపు కాకిని చూసింది. "నాకు రోజూ వేస్తుంది కదా," అంది.

ఫిర్యాదుగా అనలేదు. బళ్ళో లెక్క తప్పు వస్తే ఎక్కడ తప్పిందో చూసినట్టు అంది. తర్వాత చెప్పులు వేసుకుని ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. నా చేతిలో మిగిలిన అన్నం ఆరిపోయేదాకా నేను అక్కడే ఉన్నాను. సాయంత్రం విజి పని నుంచి రాగానే పంచాంగం దాని ముందు పెట్టి అంతా చెప్పాను.

అది ఆ పేజీని చూసింది. దానికి తెలుగు చదవడం రాదు. "ఇంకోసారి పోయి రాళ్ళ మీద కూర్చుంటావా?" అంది.

"కూర్చుంటా."

"నువ్వే చూపించాల మా. నేను రాను. నేనొస్తే ఆయన్ని చూసి ఏమేమో అనేస్తా, ఆ పొద్దు అది బాగుండదు."

నిజ శ్రావణ షష్ఠి మంగళవారం పడింది. ఈసారి చంద్రన్ ఖాకీ బట్టల్లోనే వచ్చాడు. జీపును రోడ్డు మీద ఆపి మేము ఇసుకలోకి దిగేసరికి, రాళ్ళకి అవతల అయ్యవారి గొంతు వినిపించింది.

నరేంద్రన్ తడి పంచెతో సముద్రానికి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. వెన్నుపూసలు కనిపిస్తున్నాయి. అయ్యవారు చెప్పిస్తున్నాడు, వాడు చెబుతున్నాడు. తండ్రి పేరు. తాత పేరు. ముత్తాత పేరు. అవి నా తమ్ముడి పేరు, నా తండ్రి పేరు, నేను ఎన్నడూ చూడని మా తాత పేరు. నేను ఆడదాన్ని కాబట్టి ఈ కార్యంలో దగ్గర కూర్చున్నది ఎప్పుడూ లేదు. ఇంట్లో వంట చేసి కాకి కోసం ఎదురుచూడటమే నా పని. ఇంత దగ్గర నుంచి, ఇంత నీటి ముందు, మా వాళ్ళ పేర్లు ఒకదాని వెనక ఒకటి పలకడం నేను వినడం అదే మొదలు. కెరటం లేచినప్పుడు మాట మునిగిపోయేది. వెనక్కి తగ్గినప్పుడు మళ్ళీ పేరు వినిపించేది. ఎవరో లోపల నుంచి ఒక్కొక్కరినీ లేపుతున్నట్టు నా ఒళ్ళు గగుర్పొడిచింది.

"ఇతనేనా పాట్టీ?" అన్నాడు చంద్రన్. చొక్కా జేబులోంచి వారంటు తీశాడు.

"ఇతనే." ఆ మాట అనడానికే నేను వచ్చాను, అనేశాను. తర్వాత అతని చెయ్యి పట్టుకున్నాను. "కాస్త ఉండు నాయనా. మా తమ్ముడు తింటా ఉండాడు."

చంద్రన్ మొదట ఆ ఇసుక మీద తినేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. తర్వాత ఆకులో పెట్టిన పిండాలు చూశాడు. వంగి బూట్ల తాళ్ళు విప్పాడు. బూట్లు రాయి మీద పెట్టి, వారంటు మడిచి జేబులో పెట్టుకుని, టోపీ తీసి చంకలో పెట్టుకుని, వట్టి కాళ్ళతో ఇసుకలో నిలబడ్డాడు.

"మా అప్పాకి పెట్టేదానికి పోయిన అమావాసకి నేను పోలేకపోయినా," అన్నాడు మెల్లగా. "బందోబస్తు డ్యూటీ."

నరేంద్రన్ ఆకు రెండు చేతుల్లోకి తీసుకుని లేచి నీళ్ళ వైపు తిరగబోతూ మమ్మల్ని చూశాడు. నన్ను చూశాడు. ఖాకీని చూశాడు. ఎడమ వైపు ఒడ్డంతా పడవలు. వాటి సందున దూరి పరిగెత్తితే వట్టి కాళ్ళతో ఉన్న చంద్రన్ అందుకోలేడు. నాకా సంగతి అర్థమైంది, చంద్రన్‌కీ అయింది. అతను కదల్లేదు. నరేంద్రన్ కొంచెం సేపు అట్లాగే నిలబడి, తర్వాత సముద్రంలోకి నడిచాడు. నడుము లోతుకి వెళ్ళి ఆకు వదిలాడు. కెరటం దాన్ని తీసుకుంది. వాడు మునిగి లేచాడు, మునిగి లేచాడు. అంత పెద్ద నీళ్ళలో వాడి తల చిన్న నల్ల చుక్కలా కనిపించి మాయమైన ప్రతిసారీ నా ఊపిరి ఆగింది. చివరికి వెనక్కి తిరిగి, నేరుగా మా దగ్గరికే నడిచి వచ్చాడు.

"నువ్వే చెప్పినావా అత్తా?"

"నేనే."

"నాయన తిథి పొద్దునా?"

"ఈ ఒక్క పొద్దే కదరా నువ్వు దొరికేది."

వాడు పొడి పంచె కట్టుకునేదాకా చంద్రన్ ఆగాడు. తర్వాత కోర్టుకి బయలుదేరాం.

కోర్టంటే నాకు చిన్నప్పటి నుంచి అరుపులూ సుత్తి దెబ్బలూ అనే ఊహ. ఆ హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. న్యాయమూర్తి ఒక ఆడమనిషి, విజి కంటే కొంచెం పెద్దదై ఉంటుంది. మా వంతు వచ్చినప్పుడు తెల్లబట్టల మీద ఎర్ర పట్టీ వేసుకున్న బంట్రోతు గుమ్మంలోకి వెళ్ళి నిలబడి, నడవా అంతా వినిపించేలా కేక వేశాడు. బాలసుబ్రమణ్యం కొడుకు నరేంద్రన్ అని అరవంలో పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు. పొద్దున సముద్రం ముందు మంత్రంలో విన్న పేరు, మధ్యాహ్నం ప్రభుత్వం గొంతులో విన్నాను. నా కాళ్ళు తమంతట తామే లేచి నిలబడ్డాయి. మాలాంటి వాళ్ళ ఇంటి బిడ్డ ఆకలి గురించి ఇంతమంది, ఇంత పెద్ద గొంతుతో, పేరు పెట్టి అడుగుతారని నేను ఎన్నడూ అనుకోలేదు.

న్యాయమూర్తి గొంతు పెంచలేదు. "బాకీ ఇప్పుడు కడతారా?"

"లేదమ్మా."

"కట్టకపోతే జైలుకి పంపుతాను. పోయి వచ్చినా బాకీ అట్లాగే ఉంటుంది. తెలుసా?"

"తెలుసమ్మా."

"ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నారు?"

వాడు తల దించుకున్నాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండటం కోసమే వాడు ఇన్నాళ్ళూ ఊళ్ళోనే ఊరికి కనపడకుండా తిరిగాడు. సుధ గారు నిలబడి ఎదురుచూస్తోంది. విజి తన చేతుల్ని చూసుకుంటోంది. చాలాసేపటికి వాడు తలెత్తి, తట్టాంచావడిలోనే ఇంకొక షెడ్డు పేరు, యజమాని పేరు చెప్పాడు. న్యాయమూర్తి రాసుకుంది. ఇకమీదట జీతంలోంచి బిడ్డ భాగం కోసి యజమానే నెలనెలా కోర్టులో కట్టాలని చెప్పింది. పాత బాకీకి గడువిచ్చింది. వచ్చే వాయిదాకి తప్పకుండా వస్తాడని ఎవరైనా జామీను నిలబడితే ఇవాళ ఇంటికి వెళ్ళవచ్చు, లేకపోతే జైలుకే అంది.

"మీ తరఫున ఎవరైనా ఉన్నారా?"

వాడు వెనక్కి తిరిగి చూడలేదు. తల్లి లేదు, తండ్రి లేడు, తోబుట్టువులు లేరు. "ఎవరూ లేరమ్మా," అన్నాడు.

నేను మళ్ళీ లేచాను.

బంట్రోతు కూర్చోమని సైగ చేశాడు. కూర్చోలేదు. గుమాస్తా అడిగాడు, "మీరు ఎవరు పాట్టీ?"

"అన్నమ్మాళ్. వాడి మేనత్తని. నా పేరున సారంలో ఇల్లుంది."

సుధ గారు గిర్రున తిరిగింది. "అమ్మా, మీరు మన పక్షం," అంది చిన్నగా.

హాల్లో ఎవరో నవ్వి ఆపుకున్నారు. న్యాయమూర్తి కళ్ళద్దాలు తీసింది. "ఫిర్యాదుదారు మీకు ఏమవుతుంది?"

"నా కూతురు."

"ఇతను రాకపోతే మీరు కట్టాలి. తెలుసు కదా?"

"తెలుసమ్మా."

"మరి ఎందుకు నిలబడతారు?"

"పొద్దున వీణ్ణి పట్టిచ్చింది నేనే తల్లీ. పట్టిచ్చినదాన్ని, పిలుచుకోని వచ్చేది కూడా నేనే."

ఆమె విజిని చూసింది. "మీకేమైనా అభ్యంతరం ఉందా?"

విజి లేచి నిలబడింది. దాని దవడ బిగుసుకుంది. ఆ ఒక్క క్షణంలో నాకు ఇద్దరూ పోతారేమోనని భయం వేసింది.

"మా అమ్మ పది గంటల బస్సుకి ఎనిమిదికే పోయి నిలబడే మనిషి," అంది విజి. "వాయిదాకి ఆయన్ని తేకుండా ఉండదు. నాకు అభ్యంతరం లేదు."

చూపించిన చోట సంతకం పెట్టాను. అరవం క్యాలెండరు పోల్చుకునేంతే వచ్చు, నాకు వచ్చింది తెలుగు రాతే కాబట్టి తెలుగులోనే పెట్టాను. గుమాస్తా దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, పక్కన నా వేలిముద్ర కూడా వేయించుకున్నాడు.

బయట మెట్ల మీద నరేంద్రన్ మా ఇద్దరికీ కొంచెం దూరంగా నిలబడ్డాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. విజి ఆటో పిలిచింది. ఎక్కబోతుంటే వాడు అడిగాడు, "కవి ఎన్నో క్లాసు ఇప్పుడు?"

విజి వెనక్కి తిరక్కుండానే అంది. "వాయిదాకి రా. చెప్తాను." తర్వాత నాతో అంది, "నువ్వు రా మా."

"నువ్వు పో. నేను తర్వాత వస్తా," అన్నాను.

ఆటో వెళ్ళిపోయింది. నేను వాడి దగ్గరికి వెళ్ళాను. "నీ ఇల్లు యాడ?"

"ఎందుకత్తా?"

"జామీను పడినా కదా. వాయిదా పొద్దున వచ్చి తలుపు తట్టాలంటే తలుపు యాడుండేదో తెలియద్దా? ముందు యాడన్నా కూర్చోని తిను. ఆమేన నడువు, చూపించు."

వాడు నన్ను చాలాసేపు చూశాడు. ఇన్నాళ్ళూ పోలీసులకీ కోర్టుకీ పెళ్ళానికీ చెప్పని విలాసం అది. నేను చెయ్యి పట్టుకోలేదు, అడిగింది మళ్ళీ అడగలేదు. వాడు పరిగెత్తదలచుకుంటే నేను వెనక రెండడుగులు కూడా వెయ్యలేను.

వాడు మెట్లు దిగి ముందు నడిచాడు. నేను వెనక నడిచాను. రోడ్డు దాటే చోట బస్సులూ బళ్ళూ ఆగకుండా పోతున్నాయి. సందు దొరకగానే వాడు ఒక అడుగు దిగాడు, మళ్ళీ వెనక్కి వేశాడు. తిరిగి చూసి, నేను వచ్చి కలిసేదాకా అంచునే నిలబడ్డాడు.